నూకరత్నం తిన్న రొయ్య

కాకినాడ జెట్టీ దగ్గర నూకరత్నం ముప్పై ఏళ్లుగా రొయ్యల ఇగురు వండి అమ్ముతోంది. రొయ్య నోట్లో పెడితే మాత్రం ఆమెకు ఊపిరాడదు. అందుకే వాసన చూసే వండుతుంది.

ఇప్పుడు ప్రతి వీధి మందుల షాపులోనూ పెప్టైడ్లు, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలు, మనిషికి తగ్గట్టు చేసిస్తున్నారు. జెట్టీ పక్క షాపు నడిపే షకీలా నూకరత్నం రక్తపు చుక్క తీసుకుంది. ఆమెకు పడని రొయ్య ప్రొటీన్‌ను కదలకుండా పట్టుకునే పెప్టైడ్లను కంప్యూటర్ మూడు ఎంచింది. పరీక్షిస్తే రెండు పట్టు వదిలేశాయి. మూడోది వదల్లేదు. దాన్నే మాత్రగా చేసిచ్చింది.

"ఇది వేసుకుని తినండి పిన్నిగారూ. నేను పక్కనే ఉంటాను."

మాత్ర మింగి, భయపడుతూనే నూకరత్నం తన ఇగురులోంచే ఒక రొయ్య తీసి నమిలింది. అరగంట గడిచినా ఊపిరి హాయిగానే ఆడింది. అప్పుడు భర్త గవర్రాజు వైపు తిరిగింది.

"ఏంటయ్యా, ఇంత ఉప్పు! ఇన్నేళ్లూ ఒక్కడూ చెప్పలేదేం?"

"నువ్వు గరిటె పట్టుకుని నిలబడితే ఎవడు చెప్తాడే!" అంటూ గవర్రాజు ఇంకో రెండు రొయ్యలు వడ్డించాడు.