ఎదుటి కుర్చీ

“నీళ్లు నమలకు తల్లీ. ముందు మాట చెప్పేసెయ్, తర్వాత ఆగు,” అన్నారు మాస్టారు, తన నీలం కప్పు కడుక్కుంటూ. “ఎదుటివాడు ఏడిస్తే ఏడవనీ, తిడితే తిట్టనీ. నువ్వు మాత్రం గడియారం వంక చూడకు.”

“ఈసారీ తప్పితే ఇంక ఇంటికే మాస్టారూ,” అందామె.

“తప్పవులే. పోయినసారి నేను బల్ల గుద్దగానే ‘పోనీలెండి సార్, మీరుండండి’ అని నాకు ఉద్యోగం తిరిగి ఇచ్చేశావు చూడు, ఆ దానధర్మాలు మాత్రం చెయ్యకు.”

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

కంపెనీలకి సలహాలిచ్చే ఆఫీసు అది. ఎక్కడ మనుషులు ఎక్కువయ్యారో, ఏ విభాగం మూసెయ్యాలో తేల్చి చెప్పడం వాళ్ల వృత్తి. అందుకే ఇంటర్న్‌షిప్ ముగిసేవాళ్లకి ఆఖరి పరీక్ష ఒకటి పెట్టారు. దాని ముద్దుపేరు ‘కుర్చీ’. ఎదురుగా కూర్చున్న మనిషికి ‘నీ ఉద్యోగం పోయింది’ అని ముఖం మీద చెప్పాలి. ఆ మనిషిగా నటించేది ఎప్పుడూ ఇంటర్న్‌లకి పని నేర్పే మాస్టారే. ఆయనకి కథ ముందుగా చెప్పరు. వింటూనే అల్లుకుపోతారు, గుండెలు బాదుకుంటారు, శాపనార్థాలు పెడతారు. మహానుభావుడు, నాటకాల్లోకి వెళ్లాల్సినవాడు ఇటొచ్చి పడ్డాడు! డైరెక్టరు మేడమ్‌తో సహా ఆ ఆఫీసులో పైకొచ్చిన వాళ్లందరూ ఒకప్పుడు ఆయన ముందు ముచ్చెమటలు పట్టినవాళ్లే.

ఆమె ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇంటర్న్‌షిప్ పొడిగించమని రెండుసార్లూ మేడమ్‌ని బతిమాలింది మాస్టారే. ఏడాదిగా ఆమె పడక అక్కావాళ్ల హాల్లో, సోఫా పక్కన. బావ ఒక్క మాటా అనడు. ఆ అనకపోవడమే ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. ఉద్యోగం ఖాయమైతే ఒక గది తీసుకోవాలి, తలుపు వేసుకుని కడుపునిండా నిద్రపోవాలి. అంతకన్నా పెద్ద కోరికలేం లేవు.

మేడమ్ ఆమెని పక్కకి పిలిచింది. “ఈసారి కథ నేనే ఆలోచించాను. బిస్కట్ల ఫ్యాక్టరీ. కొత్తగా చేరినవాళ్లకి మిషన్ల పని నేర్పే పెద్ద మేస్త్రీ. ఆ నేర్పే సెక్షనే ఎత్తేస్తున్నారు. అర్థమైందా?”

“అర్థమైంది మేడమ్.”

“మెత్తగా చెప్పు. కానీ చెప్పు.”

గదిలో బల్లకి ఇటు ఆమె, అటు నీలం కప్పు ముందుంచుకుని మాస్టారు. మేడమ్ గోడవారగా కూర్చుంది.

“సార్, మీకొక చెడ్డ వార్త చెప్పాలి. మీ ఉద్యోగం తీసేస్తున్నారు,” అని ఆగింది ఆమె.

మాస్టారు రెండు చేతులతో నెత్తి బాదుకున్నారు. “అయ్యో అయ్యో! కొంప ముంచావు కదే తల్లీ! నేనేం పాపం చేశాను?”

“మీ తప్పేం లేదు సార్. కొత్తవాళ్లకి పని నేర్పే మీ సెక్షన్నే ఎత్తేస్తున్నారు. ఆ పని బయటివాళ్లకి అప్పగిస్తున్నారు.”

మాస్టారి చేతులు నెత్తి మీద అలాగే ఉండిపోయాయి. నెమ్మదిగా దించి బల్ల మీద పెట్టుకున్నారు. మేడమ్ వంక ఒకసారి చూశారు. ఆవిడ తల వంచుకుని మార్కులేవో వేసుకుంటున్నట్టుంది.

ఇది కొత్త ఎత్తు అనుకుంది ఆమె. అరుపులకి సిద్ధపడి వచ్చినదాన్ని మౌనంతో పడగొట్టాలని చూస్తున్నారు! గడియారం వంక మాత్రం చూడలేదు.

“ఎప్పటివరకూ?” అన్నారాయన చివరికి.

“ఈ నెలాఖరు వరకే సార్.”

“నా దగ్గర నేర్చుకున్నవాళ్లే కదమ్మా అక్కడ అందరూ. ఒక్కరూ అడ్డుచెప్పలేదా?”

ఎంత బాగా నటిస్తున్నారీయన! అనుకుందామె. “నాకు తెలీదు సార్. తెలియనిది తెలిసినట్టు చెప్పను.”

“పోనీ, నీకేమనిపిస్తోంది?”

“బాధగా ఉంది సార్. కానీ నా బాధ మీకు పనికిరాదు. మీకేం కావాలో చెప్పండి, నా చేతనైంది చేస్తాను. మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆ పని మర్చిపోరు సార్. అది మాత్రం ఎవరూ తీసెయ్యలేరు.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఊరుకోమనలేదు. కూర్చుంది, అంతే.

కాసేపటికి మాస్టారు లేచారు. బల్ల చుట్టూ వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. “నేర్చుకున్నావు తల్లీ,” అన్నారు. మేడమ్ వైపు తిరిగి, “ఈ పిల్లకి ఉద్యోగం ఇవ్వండి,” అని తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

“ఇచ్చాం,” అంది మేడమ్. “సోమవారం నుంచి నువ్వు కన్సల్టెంట్‌వి.”

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. అక్కకి ఫోన్ చెయ్యాలి. కాదు, ముందు మాస్టారి కాళ్లకి దండం పెట్టాలి. చూస్తే ఆయన నీలం కప్పు బల్ల మీదే ఉండిపోయింది. ఎవరినీ ముట్టుకోనివ్వని కప్పు! గబగబా దాన్ని అందుకుంది.

“మర్చిపోయారు మేడమ్, ఇచ్చేసి వస్తాను. ఇవాళ ఎంత బాగా నటించారో చూశారా?”

మేడమ్ ఇంకా తల ఎత్తలేదు. ముందున్న కాగితం మీద ఒక్క అక్షరమూ లేదు.

“ఉద్యోగం పోయిందన్న ఆ మాట ఆయనకి చెప్పడానికి మాలో ఒక్కరికీ నోరు రాలేదమ్మా.”