అరవై దాటని బండి

ముందు రెండు లారీలు పక్కపక్కనే పోతున్నాయి. రోడ్డంతా వాటిదే.

వెనక నీలం కారులో టైలర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. కారు తనది కాదు, ఎదురింటివాళ్లని బతిమాలి తెచ్చుకున్నది.

వెనక సీట్లో అక్క, బావ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. పొద్దుటి నుంచి ఆమెకు ఊపిరి అందడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

మామూలు రోజయితే, కుట్టుమిషను తొక్కినట్టు ఆ బ్రేకు తొక్కుడేమిట్రా అని బావ ఆటపట్టించేవాడే. ఇప్పుడు ఆయన అక్క మొహం మీంచి చూపు తిప్పడం లేదు.

కుడివైపు లారీ ఎడమవైపు దాన్ని దాటాలని చూస్తోంది. దాటలేకపోతోంది. వేగం అరవై మించకుండా రెండింటికీ లాక్ బిగించారు. ఆ సంగతి వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసి మరీ ఉంది. అరవైలో పోయే బండిని అరవైలోనే పోతూ దాటాలంటే ఎప్పటికి తెమిలేది?

కుడివైపు లారీకి పైనంతా టార్పాలిన్ కప్పి ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా లోపల ఇనుము ఖంగుమంటోంది.

ఆ లారీ డ్రైవరు తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి టైలర్ వరసగా తిట్టాడు.

"తిట్టకురా తమ్ముడూ," అంది అక్క. ఆ రెండు మాటలకే ఆయాసపడిపోయింది.

రైల్వే గేటు పడింది. రెండు లారీలూ గేటుకు ఆనుకుని పక్కపక్కనే ఆగాయి. గేటు తీస్తే మళ్లీ ఇవే ముందు, మళ్లీ ఇదే నత్తనడక. టైలర్‌కి ఒళ్లు మండిపోయింది. కారు దిగి, కుడివైపు లారీ తలుపు లాగి, మెట్టెక్కాడు.

డ్రైవరు నడివయసు మనిషి. స్టీరింగ్ మీద వేళ్లతో టకటక కొడుతూ గేటు వైపే చూస్తున్నాడు.

"దాటలేనివాడివి దాటడానికి ఎందుకొచ్చావురా?"

"బండికి లాక్ పెట్టారు సార్, ఎంత తొక్కినా అరవై దాటదు. నాకూ తొందరే. లోపల..."

టైలర్ మిగతాది విననేలేదు. తాళంచెవి లాగి, రోడ్డు పక్క కాలవలోకి విసిరేశాడు.

డ్రైవరు చివాలున లేచాడు. కిందికి దూకి కాలర్ పట్టుకోబోయినవాడు, కారు వెనక తలుపు అద్దంలోంచి అక్క మొహం చూసి ఆగిపోయాడు. వెనుదిరిగి కాలవ వైపు పరుగెత్తాడు.

గేటు తెరుచుకుంది. ఎడమవైపు లారీ కదలగానే టైలర్ దాని వెనకే పట్టాలు దాటి, దాన్నీ దాటేసి, ఖాళీ రోడ్డు మీద కారును పరుగులు తీయించాడు. అంత కంగారులోనూ అతనికి గెలిచినట్టే అనిపించింది.

ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజన్ మాస్కు పెట్టారు. కాసేపటికి అక్క పెదాలకు రంగు వచ్చింది. కళ్లు తెరిచి తమ్ముడి వేలు పట్టుకుంది. గోడకు ఆనుకుని బావ వెక్కి వెక్కి ఏడ్చాడు.

నర్సు టైలర్‌ని పక్కకు పిలిచి, ఉన్నది ఈ ఒక్క సిలిండరేనని, అది కూడా అడుగంటుతోందని చెప్పింది. పొద్దున బయలుదేరిన సిలిండర్ల లోడు ఈపాటికి వచ్చేయాలట.

అతను కిటికీ దగ్గర నిలబడి ఆసుపత్రి గేటునే చూడసాగాడు. ఏ బండి చప్పుడైనా ప్రాణం లేచివచ్చేది. అన్నీ వేరే బండ్లే.

నర్సు ఫోన్ చేసి వచ్చింది. లారీ దారిలో ఆగిపోయిందట.

"మధ్యలో ఆగిపోవడానికి ఆ డ్రైవరుకేం పోయేకాలం? ఇక్కడ మనుషులు చచ్చిపోతుంటే వాడికి చీమ కుట్టినట్టయినా లేదా?" అని అరిచాడు టైలర్.

సిలిండర్ మీది ముల్లు కిందికి దిగిపోయింది. టైలర్ పరుగున వచ్చి మళ్లీ అక్క చేతికి వేలు అందించాడు.

డాక్టరు వచ్చి చేత్తోనే గాలి పంపు నొక్కడం మొదలుపెట్టాడు. చాలాసేపు నొక్కాడు. తర్వాత ఆపేశాడు. వేలు పట్టుకున్న అక్క చెయ్యి వదులైపోయింది. బావ ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

అప్పుడు వరండాలో ఇనుము ఖంగుమన్న చప్పుడైంది. టైలర్‌కి ఆ చప్పుడు తెలుసు. తలుపు చాటుకు జరిగాడు.

మెడదాకా కాలవ బురదతో, నీళ్లు కారుతున్న బట్టలతో ఒక మనిషి సిలిండర్‌ను దొర్లించుకుంటూ పరుగున వచ్చాడు.

"సిస్టర్, నీలం కారులో ఒకమ్మను తీసుకొచ్చారు, గేటు దగ్గర చూశాను," అన్నాడు రొప్పుతూ. "ఇది ముందు ఆవిడకి పెట్టండి."