ఇరవైకి ఇరవై

“ఇది నీ సంతకమే కదక్కా?”

తమ్ముడు బకెట్టు ప్రయోగశాల నేల మీద దించి, జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. బకెట్టు నిండా చచ్చిన రొయ్యలు. వాసనకు పక్కగదిలో ఎవరో కిటికీ తెరిచారు.

అక్క ఆ కాగితం చదవనక్కర్లేదు. అది ఆమె చేతిరాతే. చెరువు నీరు. వేసిన పురుగులు ఇరవై. మర్నాటికి బతికి ఉన్నవి ఇరవై. విషం లేదు.

“నాదే,” అంది.

“ఇది మూడోసారి. ఎగువన పూలతోటలవాళ్ళు మందు కొడతారు, వానకి అది చెరువులోకి కొట్టుకొస్తుంది, తెల్లారేసరికి నా మడుగుల్లో రొయ్యలు వెల్లకిలా తేలతాయి. నువ్వేమో నీళ్ళు బంగారంలా ఉన్నాయని రాసిస్తావు!”

“నా అంతట నేను రాయనురా. పురుగులు చెప్పిందే రాస్తాను.”

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు. ఆవగింజలో సగం కూడా ఉండని నీటిపురుగుల్ని గాజుజాడీల్లో పెంచడం, వాటితో నీళ్ళను పరీక్షించడం ఆమె పని. నీళ్ళలో పురుగుమందు చుక్క కలిసినా అవి గిలగిలా కొట్టుకుని అడుగున పడిపోతాయి. పంతొమ్మిదేళ్ళుగా వాటిని సాకుతోంది. సెలవు రోజున కూడా ఒకసారి వచ్చి చూసుకోందే ఆమెకు అన్నం సయించదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిందీ ఆవిడే.

“పరీక్షకి నీళ్ళు ఎవరు తెస్తారు?” అన్నాడు తమ్ముడు.

“మా డ్రైవరు.”

“అతను ఎక్కడ ముంచుకొస్తున్నాడో నువ్వు చూశావా?”

చూడలేదు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది.

తర్వాతి వానకి గొడుగేసుకుని తనే వెళ్ళింది. చెరువులోంచి తమ్ముడి మడుగుల్లోకి నీళ్ళు దిగే తూము దగ్గర, మోకాలి లోతు బురదలో నిలబడి సీసా నింపింది. దారిలో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇరవై పురుగుల్ని లెక్కపెట్టి వేసింది. మర్నాడు అక్కాతమ్ముళ్ళిద్దరూ తలలు ఆనించి గాజుపాత్రలోకి తొంగి చూశారు.

ఇరవై పురుగులూ హుషారుగా గెంతుతున్నాయి.

ఆమె వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. చివరికి అడిగింది.

“మడుగుల్లో నువ్వేం కలుపుతున్నావురా?”

“ఏమన్నావ్?”

“చెరువు నీళ్ళలో ఏ లోపమూ లేదు. ఇక మిగిలింది నువ్వే. ఏదో వెయ్యకూడనిది వేసి, నెపం తోటలవాళ్ళ మీదకి నెడుతున్నావు. నిజం చెప్పు.”

తమ్ముడి మొహం పాలిపోయింది. “ఈ మాట పరాయివాళ్ళు అంటే పడేవాణ్ణి అక్కా,” అని మెట్లు దిగిపోయాడు.

ఆ నెలలోనే రొయ్యలవాళ్ళ ఫిర్యాదు మీద విచారణ జరిగింది. ఒకవైపు పూలతోటలవాళ్ళు, ఒకవైపు రొయ్యలు పెంచేవాళ్ళు. ఆమె లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది.

“చెరువులో విషం లేదు. తప్పు మడుగుల్లోనే ఉండుండాలి.”

ఫిర్యాదు కొట్టేశారు. బయట తమ్ముడు ఎదురుపడ్డాడు.

“నన్ను పెంచావు కదా అని నీకు చెప్పుకున్నాను చూడు, అదీ నా బుద్ధితక్కువ. ఇవాళ్టి నుంచి నాకు అక్క లేదనుకుంటా.”

ఆ రోజు ఆమె వంటింట్లో పొయ్యి వెలిగించలేదు. చేతులారా అన్నం పెట్టి పెంచిన తమ్ముడే, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అక్కనే దోషిని చేశాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. అదే తూము నీళ్ళు వేరే నగరంలోని ప్రయోగశాలకు పంపాడు. మూడు వారాలకు పై అధికారి ఆమెను గదిలోకి పిలిచాడు.

“వాళ్ళ పురుగులు ఈ నీళ్ళలో గంటలో చచ్చిపోయాయట. నీ మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టానమ్మా. నన్ను నిలువునా ముంచేశావు.”

“సార్, నేను ఒక్క అంకె కూడా మార్చలేదు!”

“ఆ మాట ఆవిడకి చెప్పు.”

ఆవిడ అంటే ఆ నగరం నుంచి వచ్చిన శాస్త్రవేత్త. తన పురుగుల్ని తనే సీసాలో తెచ్చుకుంది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు.

ఒకే సీసాలోని చెరువు నీళ్ళు రెండు పాత్రల్లో పోశారు. ఒకదాంట్లో శాస్త్రవేత్త పురుగులు ఇరవై, రెండోదాంట్లో పురుగులమ్మవి ఇరవై. గంట తిరక్కుండానే శాస్త్రవేత్త పురుగులన్నీ అడుగున దుమ్ములా పడి ఉన్నాయి. పక్కపాత్రలో ఇరవైకి ఇరవై గెంతుతున్నాయి.

“చూశారా! చూశారా మేడమ్! నేను అబద్ధం రాయలేదు!” అంటూ ఆమె ఏడ్చేసింది.

“మీరు రాయలేదమ్మా,” అంది శాస్త్రవేత్త మెల్లగా. అరలో వరసగా పేర్చిన జాడీల దగ్గరికి నడిచింది. “వీటికి పది రోజులకో తరం. రోజూ కొంచెం కొంచెంగా మందు తగులుతుంటే తట్టుకోలేనివి పోతాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. ఏళ్ళు గడిచేసరికి ఆ విషంలోనే ఈదులాడే పురుగులు మిగులుతాయి. అలాంటివాటిని అడిగితే ఏ నీళ్ళనైనా మంచివనే చెబుతాయి.”

శాస్త్రవేత్త ఒక జాడీని వెలుతురుకి ఎత్తి చూసింది.

“కుళాయి నీళ్ళు వీటికి పడవు కదా. మరి ఈ జాడీల్లో ఇన్నేళ్ళూ ఏ నీళ్ళు పోస్తున్నారు?”

పురుగులమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

“ఆ చెరువు నీళ్ళే.”