నీటిచుక్క బండి

“పడుకో,” అన్నాడు భర్త.

ఆమె పడుకుంది. పడుకోక చస్తుందా. కారు షెడ్డులో, ఇంకా కప్పు వేయని ప్లైవుడ్ పెట్టెలో, పరుపైనా లేని చెక్క మీద వెల్లకిలా పడుకుంది. ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఆమె తల దగ్గరొక గీత, పాదాల దగ్గరొక గీత గీశాడు.

“ఇప్పుడు లేచి కూచో.”

కూచుంది. ఆమె నడినెత్తికి బెత్తెడు పైన ఇంకో గీత పడింది.

“కప్పు ఇంత కిందికా? మీ తల తగలదూ? రోజుకో బొప్పి కట్టించుకుని నా ప్రాణం తీస్తారు. ఇంత ఇరుకులో మనుషులెలా ఉంటారండీ?”

“అది కాదు, నేను...”

“తెలుసులెండి. కప్పు ఎత్తయితే గాలికి బండి ఊగుతుంది. నిన్ననేగా చెప్పారు. చెప్పిందే ఎన్నిసార్లు చెబుతారు?”

ఆయన టేపు చుట్టేసి రంపం దగ్గరికి వెళ్ళిపోయాడు.

బస్సు బాడీలు కట్టే చోట పనిచేసి రిటైరైన మనిషి. ఇంటికొచ్చి నెల తిరక్కుండానే ఇది మొదలుపెట్టాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లు. ముందు గుండ్రం, వెనక సన్నం, పక్కకి పడుకోబెట్టిన నీటిచుక్కలా ఉంటుంది. లోపల పడక. వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఆగిపోతూ నెల్లాళ్ళు తిరగొచ్చట.

ఆమెకు మాత్రం దాన్ని చూస్తేనే గుండెల్లో రాయి పడ్డట్టుండేది. ఇన్నాళ్ళూ పగలంతా ఆమెది. ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళినా ఆయనే, దిమ్మలా కూచుని. ఇంట్లో అయితే కనీసం ఇంకో గదిలోకి పోవచ్చు.

“ఒసేయ్, నేను ఇరుక్కుపోయానే,” అంది చెల్లెలికి ఫోన్ చేసి.

“బావ ముచ్చటపడి కడుతుంటే ఏడుస్తావేంటక్కా?”

“ముచ్చటా నా మొహమా. రోజుకి పది మాటలు మాట్లాడని మనిషితో ఆ పెట్టెలో నెల్లాళ్ళు నేనేం చెయ్యను, గోడల మేకులతో కబుర్లు చెప్పుకోనా?”

“రానని చెప్పెయ్.”

“ఎలా చెప్పేది? వీధంతా నీ అదృష్టమే అదృష్టం అంటోంది. ఎదురింటావిడ వాళ్ళాయన్ని లాక్కొచ్చి మరీ చూపించి దెప్పిపోయింది. ఈ మనిషి జన్మలో మొదటిసారి ఒకటి సరదాపడి చేస్తుంటే కాదని ఎలా అనను? ఒక్క నాలుగు రోజులు ఆయన లేకుండా నా మానాన నేను బతికితే చాలే. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. వింటున్నావా?”

చెల్లెలు చాలాసేపు వింది. తర్వాత పొయ్యి మీద ఏదో మాడుతోందని ఫోన్ పెట్టేసింది.

అల్యూమినియం రేకు తొడగడం అయ్యాక అసలు చాకిరీ మొదలైంది. బండిని కారుకి తగిలించడం ఆమె నేర్చుకోవాలట. టైరు మార్చడం, బ్యాటరీ చూసుకోవడం, బండితో సహా కారుని వెనక్కి నడపడం, అన్నీ ఆమే. వంటగట్టు సరిగ్గా ఆమె నడుం ఎత్తుకి వచ్చింది, అలమర ఆమె చేతికందే ఎత్తుకి. అంటే అక్కడికెళ్ళినా వంట తప్పదన్నమాట.

“అన్నీ నేనే చేస్తే మీరేం చేస్తారు? మహారాజులా కాళ్ళు బారజాపుకుంటారా?”

ఆయన నవ్వాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

“ఇదిగో, నీకో మాట చెప్పాలి. ఈ బండి...”

“ముందు ఈ స్టీరింగు సంగతి చెప్పండి. కుడికి తిప్పితే వెనకది ఎడమకి పోతుందేం? అచ్చం మీలాగే తిక్కది. గేటుకి గుద్దితే నన్నే అంటారు. అప్పుడే చెప్పాను, గేటు వెడల్పు చేయించండని. నా మాట ఎప్పుడు విన్నారు గనక?”

గేటు సంగతయ్యాక పక్కింటి గోడ సంగతి వచ్చింది. అది పూర్తయ్యేసరికి ఆయన అక్కడ లేడు. షెడ్డులో సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

పరుపు వేసిన రోజు ఆమె ఒక్కతే లోపల దూరి తలుపు వేసుకుంది. చేయి చాస్తే ఇటు గోడ, అటు గోడ. ఇక్కడ ఆయన భుజం, అక్కడ ఆయన మోకాలు అనుకుంటూ లెక్క వేసుకుంది. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, దుప్పటి సవరించి బయటికొచ్చింది.

బయల్దేరే ముందురోజు రాత్రి ఆమె ఆయన బట్టలు కూడా సర్దబోతే, “నావి నేను చూసుకుంటాలే,” అన్నాడు. ఈ ఒక్క పనైనా తప్పిందనుకుంది.

తెల్లారింది. నేను రాను అని చెప్పాలనే లేచింది. అద్దం ముందు రెండుసార్లు అనుకుంది కూడా. గుమ్మం దాటేసరికి వీధి వీధంతా గేటు ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. అందరికీ నవ్వుతూ చెయ్యూపింది. వెళ్ళి స్టీరింగు ముందు కూలబడింది.

ఆయన వెనక లైట్లు చూశాడు. కొక్కెం ఊపి చూశాడు. టైర్లు తట్టాడు.

“ఇంక ఎక్కండి, ఎంతసేపు?” అంది.

ఆయన ఇటువైపొచ్చి, ఆమె తలుపు గట్టిగా వేసి, కిటికీ దగ్గర వంగాడు. ఆమె ఇంకేదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నేను రావట్లేదు, ఇది మొదట్నించీ నీ ఒక్కదానికే కట్టాను, రిటైరై ఇంట్లో కూచున్న దగ్గర్నించీ నీ మాటల మధ్య నాకు ఊపిరాడట్లేదు.”