తమ్ముడు చూడాలని

“పాస్‌వర్డ్ మనిద్దరికే ఎరుక. అది కొట్టి నిన్న నీళ్లు బంద్ చేసిన్రు. నా గులాబీలను నేనే ఎండవెట్టుకుంటనా?”

అభిలాష్ వాడిన మొక్కను పీకి లిదియా లాప్‌టాప్ మీదికి విసిరాడు. మొయినాబాద్‌లోని అతని ప్లాస్టిక్ పైకప్పు పాలీహౌస్‌లో వేళకు నీళ్లు వదిలే కంప్యూటర్ స్క్రిప్ట్ రాసింది ఆమే.

“నేను ముట్టలే సార్.”

“ఆ ముచ్చట పోలీస్ స్టేషన్ల చెప్పు.”

లిదియా కీబోర్డు మీది మట్టి దులిపింది. “స్క్రిప్ట్ చేసే ప్రతి పనీ లాగ్‌ల రాస్తది. ఆ లాగ్ రోజూ మీ ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపుల పడాలె అన్నదెవరు?”

“నేనే. నా తోట ఎంత మంచిగ నడుస్తున్నదో భూమి మీద కేసేసిన మా తమ్ముడు సూడాలె, సూసి కుళ్లాలె.”

“అండ్ల పాస్‌వర్డ్ గూడ పడ్తున్నది, తీసేసేదాంక ఆగుండ్రి అని చెప్పిన. మీరు ఆగలే.”

“అదంత ఎవడు సదువుతడు?”

“తెరిచి సూడుండ్రి.”

అభిలాష్ విసుగ్గా గ్రూపు తెరిచాడు. మొన్నటి లాగ్‌లో పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద తమ్ముడు మనోహర్ పెట్టిన, బొటనవేలు ఎత్తిన ఎమోజీ.

లిదియా లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది.

“సూడాలె అన్నరు గద సార్. సూసిండు.”