ఒక్కదాన్నే

రాఘవమ్మ బ్యాగు సర్దుతోంది. దివ్యశ్రీ చేతిలోని టీ చల్లారిపోయింది.

“ఆత్మకూరు నుంచి ఉదయగిరికి గంటన్నర. నలభై ఒక్క దినాలు రోడ్డెంట తిరిగినావు. ఈ గంటన్నరకు కాళ్ళు రాలేదా నీకు?” అంది రాఘవమ్మ.

“ఎండ తగ్గినాక పోతాలే అత్తా.”

“పోతా అనబాక. పోయొస్తా అను. నిన్నా ఎండ తగ్గినాకనే అన్నావు.”

నిన్న మధ్యాహ్నం స్కూటీ దిగి వాకిట్లో నిలబడినప్పటి నుంచి మేనత్త తన ముఖం వంక సరిగా చూడలేదని దివ్యశ్రీ గమనిస్తూనే ఉంది. అన్నం పెట్టింది, పక్క వేసింది. చూడటం మాత్రం లేదు.

పక్క వాటాలోకి కొత్తగా అద్దెకు వచ్చిన నాగులమ్మ గుమ్మంలో నిలబడి, దుమ్ము కొట్టుకుపోయిన స్కూటీ వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది.

“ఈ బండి మీదనే అంత దూరం పోయినావా? యాడయాడికి?”

“పొదిలి, మార్కాపురం, శ్రీశైలం, మంత్రాలయం. ఆణ్ణించి తిరుపతి, కాళహస్తి.”

“దేవుళ్ళందర్నీ పలకరించినావే. ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే.”

“మా సుజనకు వీధి చివర అంగడికి పోవాలన్నా తోడు కావాల. రాత్రిళ్ళు యాడ పడుకున్నావు?”

“సత్రాల్లో. బస్టాండుల్లో. రెండు దినాలు ఆస్పత్రి వరండాలో.”

“ఫొటోలు చూపించు మే.”

“ఒకటే ఉండాది.”

“ఇన్నూళ్ళు తిరిగి ఒక్కటా? మా పిల్ల పెరుగన్నం గిన్నెకే నాలుగు తీస్తాది.”

నాగులమ్మ నవ్వుతూనే మంచం మీదికి చూసింది. రాఘవమ్మ బ్యాగులో పెట్టబోతున్న తెల్ల చొక్కా, పంచె కనిపించాయి. నవ్వు ఆగింది.

“మగోళ్ళ బట్టలు ఎవురివి?”

దివ్యశ్రీ తల వంచుకుంది. రాఘవమ్మే జవాబు చెప్పింది.

“ఆడపిల్ల ఒంటిగా పడుకునే కాడ మగోళ్ళ చొక్కా ఒకటి తగిలించుకుంటే ఎవురూ దగ్గరికి రారంట. అందుకు.”

“మడత గూడా విప్పినట్టు లేదే.”

“నీ పొయ్యి మీద పాలు పొంగతాండాయేమో చూసుకో పో.”

నాగులమ్మ ఏదో అర్థమైనట్టు కనుబొమలు ఎగరేసి వెళ్ళిపోయింది. రాఘవమ్మ చొక్కాను అరచేత్తో ఒకసారి సవరించి, బ్యాగు అడుగున పెట్టి, జిప్పు లాగింది.

“అమ్మ ముందర ఎట్ట నిలబడేది అత్తా?”

“నా ముందర నిలబడినావు గదా. అట్టనే.”

“ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

“నోట్లోంచి పోయిన మాట గొర్రె కాదు పాపా, అదిలిస్తే మళ్ళీ దొడ్లోకి వచ్చేదానికి.”

ఆ మాట శివరాత్రి నాడు అంది. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందని చెబితే నాయన కామయ్య వద్దన్నాడు. “ఒక్కదానివే అంత దూరం ఎట్ట పోతావు? లోకం మంచిది కాదు పాపా,” అన్నాడు.

“లోకం సంగతి నీకేం తెలుసు నాయనా? గొర్రెల తోకలెంట తిరిగేదే గానీ, ఆ కొండ దాటి ఒక్కనాడన్నా పోయినావా?”

కామయ్య కంచం పక్కకు జరిపి లేచాడు. మస్తానమ్మ కూతుర్నీ మొగుణ్ణీ చూసి, కంచం తీసింది.

నాలుగో నాడు తెల్లవారుతూనే దివ్యశ్రీ స్కూటీ బయటికి తీసింది. కొండ దాటింది. లోకం నిజంగానే పెద్దది. అంత పెద్దదని, నాయనతో వాదించినప్పుడు ఆమెకూ తెలియదు. రోజూ ఒక కొత్త ఊరు, ఊరు దాటగానే ఇంకో ఊరు. ఏ ఊళ్ళో దిగినా తను అన్న మాట తనకంటే ముందే వచ్చి కూర్చున్నట్టుండేది.

నాలుగు గంటలకు ఎండ తగ్గింది. బ్యాగు స్కూటీకి కట్టుకుంది.

“పోయొస్తా అత్తా.”

“చెప్పి పోతాండావు. అదే చాలు,” అంది రాఘవమ్మ. అప్పుడు చూసింది మేనకోడలి ముఖంలోకి.

సగం దారిలో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. దివ్యశ్రీ బండి ఆపి, హెల్మెట్ తీసి, కాపరి వంక తేరిపార చూసింది. అతను కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు.

“ఏంది పాపా, దారి తప్పినావా?”

“లేదన్నా. ఇంటికే.”

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే.”

మంద దాటిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది. దూరంగా ఉదయగిరి కొండ కనిపిస్తోంది. వెనక్కి తిప్పుకుని పోదామనిపించింది. ఇంక పోవడానికి ఏ ఊరూ తోచలేదు.

ఇంటికి చేరేసరికి మస్తానమ్మ వాకిట్లోనే ఉంది. ముందు కూతురి ముఖం చూడలేదు. స్కూటీ వెనక సీటు చూసింది. తర్వాత వీధి మలుపు దాకా చూసింది. ఫోన్లో అన్నీ విన్నదే. అయినా అడిగింది.

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నేమా.”

“వెనక బస్సులో గానీ...”

“ఎవురూ లేరు.”

మస్తానమ్మ బ్యాగు కట్టు విప్పి భుజాన వేసుకుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“నేనే గదమా, ఆ మాట అనింది.”

“అన్నావు.” మస్తానమ్మ కొంగుతో కూతురి ముఖం మీది దుమ్ము తుడిచింది. “కాళ్ళు కడుక్కో. నువ్వన్నా ఇంక యాడికీ పోబాక. ఇంకొకరి కోసం దారి చూసే ఓపిక నాకు లేదు.”

శివరాత్రి మర్నాడు ఇల్లు విడిచిన నాయన మళ్ళీ రాలేదు.