కెజయా ముత్తవ్వ మొగుళ్ళు

"ఇక్కడా విధవరాలు అనే ఉందండీ," అంది గ్రంథాలయంలో పాత రికార్డులు చూసే ఇమోజెన్, కంప్యూటర్ తెరని ఆంబ్రోస్, థెల్మాల వైపు తిప్పుతూ.

ఆంబ్రోస్ తెర దగ్గరికి వంగి చూశాడు. ఇది మూడోసారి.

1881 జనాభా లెక్కల్లో కెజయా హోల్డెన్, విధవరాలు. 1891లో కెజయా గ్రిమ్‌షా, విధవరాలు. ఇప్పుడు 1901లో కెజయా లంబ్, విధవరాలు. ఇంటిపేరు మారుతోంది గానీ మనిషి ఒక్కతే. అదే రోచ్‌డేల్ ఊరు, అదే వీధి, అదే పని: పిండిలో మాంసం కూరి కాల్చే పైలు చేసి అమ్మడం.

ఆ కెజయా థెల్మాకి ముత్తవ్వ. ఆంబ్రోస్ వచ్చే నెల థెల్మాని పెళ్ళి చేసుకోబోతున్నాడు. డెబ్బై ఒకటో ఏట అతనికిదే మొదటి పెళ్ళి. "ఎవరి తాలూకో ఏమిటో కనుక్కున్నావా?" అని అతని అక్క మ్యూరియల్ నలుగురిలో అనేసింది. ఒళ్ళు మండిన థెల్మా, తన వంశవృక్షం గీయించి పెళ్ళి విందులో సరిగ్గా మ్యూరియల్ కుర్చీకెదురుగా వేలాడదీస్తానని పట్టుబట్టి కూర్చుంది.

"పాపం, ముగ్గురూ పోయారు. ఎంత దురదృష్టమో!" అంది థెల్మా, రుమాలుతో కళ్ళొత్తుకుంటూ. "ఆంబ్రోస్, నిటారుగా కూర్చో."

ఆంబ్రోస్ నిటారుగా కూర్చున్నాడు. ఆదివారం భోజనంలో తను రెండు ముక్కలు లాగించిన మాంసం పై గుర్తొచ్చింది. "మా ముత్తవ్వ చేసిన పద్ధతి. అందులో ఏం వేస్తామో బయటివాళ్ళకి చెప్పం," అంది థెల్మా అప్పుడు.

"ఎలా పోయారో పేపర్లో వేసే ఉంటారు. కాస్త చూడమ్మాయ్," అన్నాడు గొంతు సవరించుకుని. "కడుపునొప్పీ గట్రా ఏమైనా..."

"ఏమిటి నీ ఉద్దేశం?" అంది థెల్మా.

"ఉద్దేశమేముంది? ఊరికే అడిగాను."

ఇమోజెన్ అరగంటసేపు వెతికింది. మూడు పెళ్ళిళ్ళూ దొరికాయి. చావు ఒక్కటీ దొరకలేదు. పేపర్లో లేదు, చర్చి పుస్తకాల్లో లేదు, శ్మశానం రికార్డుల్లో లేదు.

"మరి ముగ్గుర్నీ ఏం చేసిందంటావు?" అన్నాడు ఆంబ్రోస్.

"చేయడమేమిటి? పెద్దావిడ గురించి మర్యాదగా మాట్లాడు!"

"ఆగండాగండి," అంది ఇమోజెన్. "1898 పేపర్లో ఆవిడ పేరుంది. కోర్టు వార్త."

ఆంబ్రోస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. థెల్మా రుమాలు నలిపేస్తోంది.

కెజయా తన భర్త లంబ్‌ని కేకలేస్తుంటే కాలవ గట్టు దాకా వినిపిస్తోందనీ, పసిపిల్లలు జడుసుకుంటున్నారనీ ఇరుగుపొరుగు వేసిన కేసు అది. ఇమోజెన్ చివరి రెండు వాక్యాలూ పైకి చదివింది. "'గొంతు తగ్గించుకొమ్మని మేజిస్ట్రేటుగారు మందలించగా, ముందు నువ్వు నిటారుగా కూర్చోమని ముద్దాయి బదులు చెప్పెను. మేజిస్ట్రేటుగారు నిటారుగా కూర్చొనిరి.'"

ఆంబ్రోస్ వెన్ను కొంచెం సడలించాడు.

"ఆవిడని వదిలేసి, మొగుళ్ళ పేర్లతో వెతికి చూస్తానుండండి," అంది ఇమోజెన్. టకటకా ఏదో కొట్టింది. ఒక్కసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దొరికారు!"

"ఏ శ్మశానంలో?" అన్నాడు ఆంబ్రోస్.

"శ్మశానం కాదండీ, మోర్‌కాంబ్‌లో. సముద్రం ఒడ్డున. 1911 లెక్కల్లో ముగ్గురూ లక్షణంగా బతికే ఉన్నారు. ఒకే ఇంట్లో!"

ముగ్గురి తలలూ తెర మీదికి వంగాయి. ఆ ఏడు ఎవరింటి వివరాలు వాళ్ళే రాసిచ్చారు. ఇంటి యజమాని ఐజాక్ హోల్డెన్. కింద సైలస్ గ్రిమ్‌షా, జోసియా లంబ్. 'యజమానికి ఏమవుతారు' అన్న గడిలో ఇద్దరికీ ఒకటే మాట: తోటి బాధితుడు. 'అంగవైకల్యం గానీ జబ్బు గానీ' అన్న చోట ముగ్గురికీ కలిపి పెద్ద అక్షరాలతో రాసుంది: ఉండేది. తప్పించుకు వచ్చేశాం.

ఆంబ్రోస్ నవ్వాపుకోలేకపోయాడు. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకునే ముసలాయన ఉలిక్కిపడి చూశాడు.

"చంపలేదు థెల్మా! పారిపోయారంతే!"

"ముందా నవ్వాపు. పరువు పోయింది నాకు. ఇది చూస్తే మీ అక్క ఊరుకుంటుందా?"

"అక్కకి ఎవరు చెప్తారు? హోల్డెన్ ఒక్కణ్ణే పెట్టి గీయిద్దాం. తక్కినవాళ్ళు పట్టలేదనుకో." ఆంబ్రోస్‌కి ప్రాణం కుదుటపడి, ఆకలి కూడా మొదలైంది. లేచి ఆమెకి కోటు అందించాడు. "ఇంటికెళ్ళి ఆ మాంసం పైలో ఇంకో ముక్క పెట్టు, చాలు. అన్నట్టు, రేపే కదా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళాల్సింది? పోయిన మీ ఆయన క్లిఫర్డ్ మరణ పత్రం తెమ్మన్నారు. తీసి పెట్టావా?"

థెల్మా ఒక్కొక్క వేలే సర్దుకుంటూ చేతి తొడుగులు తొడుక్కుంది. తర్వాత ఇమోజెన్ వైపు తిరిగింది.

"ఆ ముగ్గురూ ఉన్న ఇల్లు ఏ వీధిలో అన్నావమ్మాయ్?"

"పెబుల్ వీధి అండీ. పద్నాలుగో నంబరు."

"అదే ఇల్లయితే ఇంకా బాగానే ఉన్నట్టుంది," అంది థెల్మా. "ఏటా క్రిస్మస్‌కి క్లిఫర్డ్ నాకు కార్డు రాసేది అక్కణ్ణుంచే."